దావీదు కుమారుడని పిలిస్తే

నాయనకు సంతకం వచ్చు. అయినా ఆ రోజు పెనుకొండలో విచారణ అధికారి బల్ల ముందు నిలబడి, సంతకం రాదని చెప్పి, ఎడమచేతి బొటనవేలు ఇంకు ప్యాడు మీద పెట్టాడు. గుమాస్తా ఆ వేలు పట్టుకుని వాంగ్మూలం కాగితం మీద ఒకపక్క నుంచి ఇంకోపక్కకు దొర్లించాడు. ముప్పై ఏళ్లు చింతపండు బస్తాలు మోసిన చెయ్యి అది. గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడలేదు. ఇంకోసారి వేయమన్నారు. ఇంకోసారి వేశాడు.

గోడ పక్కన నిలబడిన చెల్లెలు తల వంచుకుంది. నేను నాయన పక్కనే ఉన్నాను. అంతకు నిమిషం ముందు నేనూ ఒక అబద్ధం చెప్పి ఉన్నాను కాబట్టి ఆయన ముఖం వైపు చూడలేదు.

నాయన ఆ కాగితం మీద సంతకం చేసి ఉంటే చెల్లెలి టీచరు ఉద్యోగం పోయేది. ఎందుకు పోయేదో చెప్పాలంటే కొంత వెనక్కి పోవాలి. ఎవరి పేర్లూ రాయకుండా చెబుతాను. ఒక్క పేరు మాత్రం తప్పదు. గొడవంతా ఆ పేరు గురించే.

మాది పెనుకొండకు, హిందూపురానికి మధ్య రైలు కట్ట పక్కన ఉన్న పల్లె. నాయన పొద్దున ప్యాసింజరు ఎక్కి హిందూపురం పోయి, చింతపండు మండీలో హమాలీ పని చేసి, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాడు. ఆయనకు రెండు పేర్లు. ఒకటి మా తాత పెట్టింది, మా ఇంటి దేవుడి పేరు. రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో, మా బడి రికార్డుల్లో అదే ఉంది. రెండోది దావీదు. నేను పుట్టకముందు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఉపదేశి పెట్టాడు.

ఉపదేశి అంటే మా కాలనీలోని రేకుల చర్చిలో ఆరాధన నడిపే ముసలాయన. వయసులో ఉన్నప్పుడు తాపీ పని చేసేవాడు. ఆదివారం ఆరాధన అయినాక పెద్దవాళ్లను కూర్చోబెట్టి పలకల మీద అక్షరాలు దిద్దించేవాడు. కొందరు బైబిలు వాక్యం చదివేదాకా వచ్చారు. నాయనకు వారానికి దొరికేది ఆ ఒక్క గంటే. ఆయన చదువు మూడు అక్షరాల దగ్గర ఆగిపోయింది: దా, వీ, దు. అవి తప్పు లేకుండా రాసిన రోజున ఇక చాలనుకున్నట్టున్నాడు. పుట్టినప్పటి పేరు మాత్రం రాయడం రాదు, చూపించినా గుర్తుపట్టడు.

ఆ మూడు అక్షరాలు ఎక్కడ వీలైతే అక్కడ రాసేవాడు. చర్చిలో హాజరు పుస్తకం ఒకటి ఉండేది, అందులో ప్రతి ఆదివారం. మండీలో బస్తాల మీద సరుకు గుర్తులు వేసే నీలం రంగుతో, తను కుట్టిన బస్తా మూల మీద. మండీ సావుకారు ఒకసారి ఆ బస్తా దగ్గర ఆగి, "గింజ తీసిన చింతపండు తెలుసు, గింజ ఉండేది తెలుసు, ఈ దావీదు ఏం సరుకప్పా, నేనెప్పుడూ కొనలేదే" అన్నాడట. నాయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పి చాలాసేపు నవ్వాడు.

క్రిస్మస్‌కు మా చర్చిలో ఒక చిన్న నాటకం వేసేవాళ్లు. దారి పక్కన కూర్చున్న గుడ్డి బిచ్చగాడు, యేసు ఆ దారిన పోతున్నాడని విని, దావీదు కుమారుడా, నన్ను కరుణించు అని అరుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు నోరు ముయ్యమంటారు. వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. ఆ అరుపు వచ్చిన ప్రతిసారీ కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి నా వైపు చూసేవాళ్లు. "ఏమప్పా, నిన్నే పిలుస్తాండాడు, పలకవేం?" అని ఒకరు. "వాని దగ్గర యాడుంటాది కరుణ, పేపరోడు" అని ఇంకొకరు, నేను విలేకరినైన తర్వాత. నేను దావీదు కొడుకునే కదా. ఏటేటా అదే వేళాకోళం. ఏటేటా నవ్వేవాళ్లం.

ఆ పిలుపుకు అర్థం ఏమిటని నేను ఉపదేశిని అడిగింది మాత్రం డిగ్రీ చదివేటప్పుడు. కాలేజీలో ఎవరో అడిగితే చెప్పలేకపోయాను. దేవుని కొడుకంటారు, మళ్లీ దావీదు కొడుకంటారు, ఇద్దరు తండ్రులా అని వాడి ప్రశ్న. ఉపదేశి పెనుకొండ వైపు చెయ్యి చూపించాడు.

"అది రాజులుండిన ఊరే కదా. ఇప్పుడు ఆ కోటలో మేకలు మేస్తాండాయి. ఆ రాజుల వంశంలో ఒకడు ఈడ వడ్రంగి పని చేసుకుంటా ఉండాడనుకో. వాడు బజార్లో పోతాంటే, ఒక గుడ్డోడు వాణ్ణి పట్టుకుని మహారాజా అన్నాడనుకో. చుట్టూ ఉన్నోళ్లు ఏం చేస్తారు? నవ్వుతారు. లేకపోతే సర్కారోళ్లు వింటారేమోనని వాని నోరు మూస్తారు. అదీ ఆ పిలుపు."

దావీదు గొర్రెలు కాసి రాజైనవాడు. నీ వంశంలో పుట్టేవాడి సింహాసనం ఎప్పటికీ నిలుస్తుందని దేవుడు ఆయనకు మాటిచ్చాడు. తర్వాత రాజ్యం పోయింది. వందల ఏళ్లు సింహాసనమే లేదు. మాట మాత్రం మిగిలింది. దావీదు కుమారుడంటే ఆ మాట ప్రకారం రావలసిన రాజు, తైలంతో అభిషేకం పొందినవాడు. చదువుకున్నవాళ్లు ఆ బిరుదు గురించి వాదించుకున్నారు గానీ, ఆ పేరుతో ముందుగా నోరారా పిలిచింది గుడ్డివాళ్లు, జబ్బుపడ్డ బిడ్డ కోసం వచ్చిన వేరే జాతి తల్లి. ఉపదేశి ఇంకో సంగతి కూడా చెప్పాడు. యేసు ఆ వంశంలో లెక్కకు వచ్చింది తల్లిని పెళ్లాడిన వడ్రంగి వైపు నుంచి. ఆ వడ్రంగి కన్నతండ్రి కాదు, పేరిచ్చిన తండ్రి. జనాభా లెక్కల్లో పేరు రాయించుకోవడానికి ఆ ఇల్లాలితో సొంత ఊరు పోయినప్పుడే బిడ్డ పుట్టాడు. పేరు పెట్టి నా బిడ్డ అని ఒప్పుకుంటే వంశం వచ్చినట్టే, ఆ కాలంలో చట్టం అది, అన్నాడు.

అప్పుడు అది నాకు ఒక మంచి వివరణగా మాత్రమే తోచింది.

తొంభైల చివర నేను పెనుకొండలో ఒక దినపత్రికకు విలేకరిని. వార్తలు రాసి కవర్లో పెట్టి మధ్యాహ్నం అనంతపురం బస్సుకు ఇచ్చేవాణ్ణి. జీతం లేదు, వార్తకింత అని ఇచ్చేది నా ఖర్చులకే సరిపోయేది. ఆ ఏడాదే చెల్లెలు టీచరుగా ఎంపికైంది. ఎస్సీ మహిళల కోటాలో చివరి పేరు ఆమెది. చెన్నేకొత్తపల్లి మండలంలో ఒక పల్లెబడికి వేశారు. మా ఇంట్లో జీతం అనే మాట అదే మొదటిసారి. నాయన బస్తాలు మోయడం మానేశాడు. అప్పటికే నడుము పోయింది.

క్రిస్మస్ రోజు మా చర్చి సంఘం చెల్లెలికి శాలువా కప్పింది. నేను నాలుగు వాక్యాల వార్త రాసి, ఒక ఫొటో జత చేసి పంపాను. రాసేటప్పుడు తండ్రి పేరు దగ్గర కలం ఆగింది. రికార్డు పేరు రాస్తే ఆయన చదవలేడు. పేపర్లో తన పేరు ఆయన తన కళ్లతో చదవాలని నాకు ఆశ. 'సంఘ పెద్ద దావీదు కుమార్తె' అని రాశాను. మరుసటి రోజు జిల్లా పేజీ తెచ్చి ముందు పెడితే, నాయన వేలు పెట్టి వెతుక్కుంటూ పోయి మూడో వరుసలో ఆగాడు. ఆ పేజీని మడిచి తన పెట్టెలో పెట్టుకున్నాడు.

అదే పేజీ ఇంకొకరు కూడా దాచుకున్నారు.

చట్టం గురించి ఇక్కడ చెప్పాలి. ఎస్సీ కులంలో పుట్టి క్రైస్తవ మతం పుచ్చుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు, బీసీ-సి కింద లెక్కపెడతారు. మా పల్లె టీ అంగట్లో మాకు వేరే గ్లాసులు ఉండేవి. నాయన బాప్తిస్మం తీసుకున్న తర్వాత కూడా అవే గ్లాసులు. కానీ ఆఫీసులో అడిగేది గ్లాసు గురించి కాదు. మాలాంటి ఇళ్లన్నీ అందుకే రెండు పేర్లతో బతుకుతాయి, ఒకటి ఆదివారానికి, ఒకటి మిగతా ఆరు రోజులకు. దీన్ని మోసం అనుకునేవాళ్లం కాదు. అసలు దాని గురించి అనుకునేవాళ్లమే కాదు.

ఎంపిక జాబితాలో చెల్లెలి తర్వాతి పేరు ధర్మవరంలో ఒక అమ్మాయిది. ఆమె అర్జీ పెట్టింది, నా వార్త కత్తిరించి జత చేసింది. ఆ సంగతి తెలిసి నేను ఆమెను వెతుక్కుంటూ ధర్మవరం పోయాను. బెదిరించడానికి కాదు, ఏం మాట్లాడాలో నాకే తెలియదు. పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతూ అరుగు మీద కూర్చుని ఉంది. మా కులమే. నేనెవరో చెప్పుకున్నాను. ఆమె లేవలేదు, చేతిలో పని కూడా ఆపలేదు.

"మీ చెల్లెలి మీద నాకేం కోపం లేదన్నా. ఇంకో ఏడాదయితే నాకు వయసు దాటిపోతాది. నేను కల్పించి రాసిందేమన్నా ఉందా? నువ్వు రాసిందే కదా."

ఏదైనా వార్త తప్పని గొడవకు వచ్చినవాళ్లకు చెప్పడానికి నా దగ్గర పది జవాబులుండేవి. వార్త నిజమేనన్న మనిషికి చెప్పడానికి ఒక్కటీ లేదు. ఆమె తల్లి మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చేశాను.

విచారణకు పిలుపు ఎండాకాలంలో వచ్చింది. నాయన, చెల్లెలు, వార్త రాసిన మనిషిగా నేను. అధికారి నాకు ముఖపరిచయమే, మర్యాదగల మనిషి. కూర్చోమన్నాడు. నాయన కూర్చోలేదు కాబట్టి మేమూ కూర్చోలేదు. ఆయన ఆ కత్తిరింపు పైకి చదివి, ఇది మీరు రాసిందేనా అని నన్ను అడిగాడు.

వార్త నాదే, పేరు దగ్గర పొరపాటు పడిందని చెప్పాను. అనంతపురంలో వార్తలు దిద్దే డెస్కులో ఏదో కలిసిపోయిందన్నాను. పాపం ఆ డెస్కు వాళ్లు నా కాపీలో కామా కూడా మార్చలేదు. పొరపాటయితే సవరణ వేశారా అని అడిగాడు. లేదన్నాను. వేయించి, ఆ కాపీ తెచ్చిస్తే ఫైల్లో పెడతానన్నాడు. మాకు దారి చూపిస్తున్నాననే అనుకున్నాడు ఆయన. తర్వాత నాయన వైపు తిరిగాడు.

"దావీదు అంటే నువ్వేనా?"

"ఆ పేరుతో పిలిచేటోళ్లు ఉండారు సార్."

"పిలిచేవాళ్ల సంగతి కాదు. నువ్వేమని చెప్పుకుంటావు?"

"నన్ను నేనెందుకు పిల్చుకుంటా సార్? ఎవరన్నా పిలిస్తే పలుకుతా."

గుమాస్తా నవ్వాడు. అధికారి నవ్వలేదు. రికార్డులోని పేరు చదివి, ఇది నీ పేరేనా అన్నాడు. నాయన అవునన్నాడు. అది అబద్ధం కాదు. గుమాస్తా వాంగ్మూలం రాసి, చదివి వినిపించి, కాగితం ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు. అప్పుడు నాకు అర్థమైంది. నాయనకు తెలిసిన సంతకం ఒక్కటే. ఆ పెన్ను పట్టుకుంటే ఆయన రాయగలిగింది ఆ మూడు అక్షరాలే. నాకంటే ముందే ఆయనకు అర్థమైంది. పొద్దుననే, అమ్మ సంగటి పెడితే ముట్టకుండా లేచినప్పుడే.

"సంతకం రాదు సార్" అన్నాడు.

ఆ వారం చర్చిలో హాజరు పుస్తకం తన దగ్గరికి వస్తే నాయన పక్కవాడికి అందించేశాడు. మరుసటి వారం కూడా. మూడో వారం ఉపదేశి మా ఇంటికొచ్చాడు. నాయన జరిగిందంతా చెప్పి, యేసుసామిని నేను కాదన్నట్టేనా అని అడిగాడు.

"పేరు కాదన్నావా, ఆయన్ని కాదన్నావా?"

"పేరు కాదన్లేదు. రాసేది రాదన్నా."

"నా రేషన్ కార్డులో నేనెవరనుకుంటాండావు?" అన్నాడు ఉపదేశి. ఆయన రేషన్ కార్డు పేరు వింటే మా కాలనీలో అందరికీ నవ్వొస్తుంది, ముగ్గురు దేవుళ్లుంటారు అందులో. నాయన నవ్వలేదు.

"యేసుసామి తనంతట తాను, నేను దావీదు కొడుకునని యాడన్నా చెప్పుకున్నాడా?" అని అడిగాడు.

ముసలాయన ఆలోచించాడు. సువార్తల్లో ఎక్కడా చెప్పుకోలేదన్నాడు. పిలిచినవాళ్లకు ఆగి పలికాడు, అంతే. పైగా ఒకసారి పండితులనే ఎదురడిగాడట. రావలసినవాడు దావీదు కొడుకయితే, దావీదే ఆయన్ని నా ప్రభువా అని ఎందుకన్నాడు, తండ్రి కొడుకును అట్లా పిలుస్తాడా అని. వాళ్లెవరూ జవాబు చెప్పలేకపోయారు.

"నువ్వేం చెప్తావు?" అన్నాడు నాయన.

"పాటల్లో పాడేది చెప్పమంటే చెప్తా. నువ్వడిగింది అది కాదు" అన్నాడు ఉపదేశి. కొంతసేపటికి చెప్పులేసుకుని పోయాడు. నాయన మొదట అడిగినదానికి ఆయన అవునని గాని, కాదని గాని చెప్పలేదు.

ఇక సవరణ. నేను రాసినవాటిలో అంత కష్టపడి రాసింది ఇంకొకటి లేదు, మూడే వాక్యాలు. ఫలానా రోజు వార్తలో ఉపాధ్యాయురాలి తండ్రి పేరు దావీదు అని పొరపాటున వచ్చింది. ఆయన పేరు ఫలానా. ఆయనకు ఆ సంఘంతో సంబంధం లేదు. మూడో వాక్యం లేకపోతే మొదటి రెండూ ఎందుకూ పనికిరావు. కాగితం బల్ల మీద పెట్టి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నాయన దాని మీద వంగి ఉన్నాడు.

"ఇందులో నా పేరుండాది" అన్నాడు. వేలు మొదటి వాక్యం మీద ఉంది. "ఈసారి ఏం రాసినావురా?"

చదివి వినిపించాను. కడపటిది మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. సెలవుకు వచ్చిన చెల్లెలు తలుపు దగ్గరే ఉంది.

"పంపించన్నా. ఉద్యోగం పోతే నాయన ఆ నడుముతో మళ్లా మండీకి పోవల్ల" అంది. ఆమె గొంతులో కోపం లేదు. తన కోసం కాదు ఆమె మాట్లాడింది, నాకు తెలుసు.

నాయన ఆ కాగితాన్ని నా చేతికిచ్చాడు. "ఆయమ్మి చెప్పినట్ల చెయ్. పేపర్లో వస్తే మాత్రం నాకు చూపించొద్దు."

మరుసటి రోజు కవరు తీసుకుని బస్టాండుకు పోయాను. మిగతా వార్తలన్నీ వెళ్లాయి. ఆ కాగితం నా జేబులో ఉండిపోయింది. రేపు పంపుదామనుకున్నాను. ఆ రేపు వారాలయింది. పంపితే నాయన్ను నేనే సంఘం నుంచి వెలి వేసినట్టు, పంపకపోతే చెల్లెలిని బడి నుంచి. చెల్లెలు అడిగినప్పుడు, పాత వార్తకు సవరణ వేయరంట, డెస్కు వాళ్లు పక్కన పడేశారని చెప్పాను. పాపం, రెండోసారి కూడా వాళ్ల మీదికే తోశాను. ఇన్నేళ్లూ ఆమె అదే నమ్ముతోంది. ఇది చదివితే తెలుస్తుంది.

కొన్ని నెలలకు ఆ అధికారికి బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన ఫైలు పైకి పంపామన్నాడు. పై ఆఫీసులో అడిగితే పరిశీలనలో ఉందన్నారు. నన్ను పత్రిక ధర్మవరానికి, తర్వాత హిందూపురానికి మార్చింది. ధర్మవరంలో ఉన్నన్నాళ్లు ఆ వీధి తప్పించి తిరిగాను. ఆ అమ్మాయికి వయసు పరిమితి దాటిపోయిందని, ఇంకా కుచ్చులే కడుతోందని తెలిసినవాళ్లు చెప్పారు.

నాయన చర్చికి పోవడం మానలేదు. ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చునేవాడు. హాజరు పుస్తకంలో మాత్రం మళ్లీ రాయలేదు. ఉపదేశి ఒకటి రెండుసార్లు పెన్ను అందించి చూశాడు. తర్వాత ఆయనే నాయన పేరు రాసేవాడు. రెండువేల సంవత్సరం దాటిన తర్వాత ఒక వేసవిలో నాయన పోయాడు. ఊళ్లో మరణ ధ్రువపత్రం రికార్డు పేరు మీద తీసుకున్నాం. సమాధి దగ్గర ఉపదేశి ఇంకో పేరుతో ప్రార్థన చేశాడు. రెండింటికీ నేను తల ఊపాను.

చెల్లెలు అదే మండలంలో పనిచేస్తోంది. పిల్లలకు ఇష్టమైన టీచరు. ప్రమోషన్ జాబితాలో ఆమె పేరు రెండుసార్లు వచ్చింది. ప్రమోషన్ ఇవ్వాలంటే కుల ధ్రువపత్రం మళ్లీ పరిశీలిస్తారు. రెండుసార్లూ, ఇంటి ఇబ్బందుల వల్ల తనకు వద్దని రాసిచ్చింది. విచారణ ముగిసిందన్న కాగితం గాని, ముగియలేదన్న కాగితం గాని మాకు ఇంతవరకు రాలేదు.